నూట నలభై టైళ్ల ముఖం

ఫిలిప్పీన్స్ చరిత్రలోనే మొట్టమొదటి చేపల బజారు షవర్‌ను శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి జాతికి అంకితం చేయబోతున్నట్టు మా పేటకి ఎన్నికైన పెద్ద, కెప్టెన్ క్రిసాంతో బలానాగ్ గారు మైకులో ప్రకటించారు. జాతి అంటే ఆ పూట బజారులో ఉన్న పదిహేడు మందిమి, రెండు పిల్లులు. ఆ షవర్ కట్టే పాత బాత్రూము పక్కనే నా కాఫీ బండి. కాబట్టి ఈ మహత్కార్యాన్ని మొదటి ఇటుక నుంచీ కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చేపలమ్మే సిమియోనా. శుక్రవారం పదింటికి ఆమె కూతురు జొవెలిన్‌కు బడిలో మెడల్ ఇస్తున్నారు. మా దగ్గర ఆ మెడల్ వేసేది తల్లే, వేదికెక్కి, అందరి ముందూ. తెల్లారకముందు నుంచీ చేపలు కోసే మనిషి ఇంటికెళ్లి స్నానం చేసి వద్దామంటే వాసనకి జీప్నీ బళ్లవాళ్లు ఎక్కించుకోరు. పని మానేస్తే ఆ పూట పస్తే.

"పోయినేడు బడి గేటు దగ్గరే ఆగిపోయాను వదినా," అంది నాతో. "ఈసారి పైకెక్కుతాను."

టైళ్ల పని మేస్త్రీ మాంగ్ తెబాన్‌ది. నలభై ఏళ్ల అనుభవం. మంగళవారం ఆయన నేలకి వాలు ఇస్తుంటే కెప్టెన్ గారు తనిఖీకి వేంచేశారు.

"ఇదేంటి పెద్దాయనా, నేల వంకరగా ఉంది?"

"వాలు, కెప్టెన్. నీళ్లు జాలీలోకి పోవాలి కదా."

"నా హయాంలో వంకర పని ఒక్కటీ జరగలేదు. తిన్నగా చెయ్యి."

తిన్నగా చేశాడు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలబడింది. అంత నిజాయతీ గల నేలను నేనెక్కడా చూడలేదు.

బుధవారం టైళ్లు దిగాయి. నూట నలభై, ఒక్కోదాని వెనక ఒక్కో నెంబరు. వరసగా అతికిస్తే గోడంతా కెప్టెన్ గారి చిరునవ్వే. రోడ్డు మీది బ్యానర్లలో ఆ నవ్వు ఎండకి వెలిసిపోతోందట. చిక్కల్లా పైపుతో వచ్చింది. గోడలోని పాత నీళ్ల పైపు మూతి సరిగ్గా నుదుటి వెనక్కి వచ్చింది.

"ఇక్కడో చిన్న కన్నం పెట్టాలి," అన్నాడు మేస్త్రీ.

"నా నుదుటికా?"

నా బండి దగ్గరే పేట కౌన్సిలు అత్యవసర సమావేశం జరిగింది.

"నీళ్లు ముక్కులోంచి రప్పిస్తేనో?" అన్నాడో సభ్యుడు.

"జలుబనుకుంటారు," అన్నారు కెప్టెన్.

"నోట్లోంచి?"

"ఓటర్ల మీద ఉమ్ముతున్నాననుకుంటారు."

"పోనీ చెవి. ఎలాగూ మీరు జనం మాట చెవిన..." ఆ సభ్యుడు మిగతాది కాఫీతో పాటు మింగేశాడు.

కెప్టెన్ గారి ముఖం మీద ఎవరూ, ఎన్నడూ, ఏ పనిముట్టూ పెట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. మాంగ్ తెబాన్ పైపుకి ప్లాస్టిక్ బిరడా కొట్టి, మీద టైలు అతికించేశాడు.

"మరి నీళ్లో, కెప్టెన్ గారూ?" అంది సిమియోనా.

"ముందు షవర్ రానీవమ్మా. నీళ్లు రెండో దశ."

ఆమె ఏడవలేదు. కానీ ఆ రోజు ఆమె చేపల తలలు నరికే చప్పుడు బజారు ఆ చివరిదాకా వినిపించింది.

శుక్రవారం బ్యాండు మోగింది. ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లారు. ఆ గదిలో పడే నీళ్లు ఇక అవేనేమో అనుకున్నాం. ఆశ చావక సిమియోనా సబ్బు, తువ్వాలు, సంచిలో మంచి గౌను పెట్టుకుని ముందు వరసలో నిలబడింది. తొమ్మిదీ ఇరవైకి మేయర్ గారు విచ్చేశారు, తన పేరు చెక్కించుకున్న ఇత్తడి ఫలకంతో సహా.

"ఎక్కడ బిగిద్దాం?" అన్నారు మేయర్.

గోడంతా ముఖమే. అందరం కెప్టెన్ వైపు చూశాం.

"నా నుదుటి మీదే సార్. తమరి పేరే నా నుదుటి రాత."

"తీర్మానం ఉంది కదా," అన్నాడు మాంగ్ తెబాన్.

"మేయర్ గారి ముందు తీర్మానమేంటయ్యా. డ్రిల్లు తీ."

మేస్త్రీ గోడను చూశాడు. సిమియోనాను చూశాడు. "సరిగ్గా ఎక్కడో మీరే చూపించండి, కెప్టెన్."

కెప్టెన్ గారు వేలు పెట్టి చూపించారు. డ్రిల్లు గుర్రుమంది. నుదుటిలోంచి బొటనవేలంత ధార ఎగజిమ్మింది. ఫలకం కింద పడింది. నీళ్లు ఆ తిన్నని నేల మీద ఏ పక్షపాతమూ లేకుండా నాలుగు వైపులా పారి, ముందుగా మేయర్ గారి బూట్లలోకి ప్రవేశించాయి.

"మూసెయ్," అని అరిచారు కెప్టెన్.

"ముఖం మీద పనిముట్టు పెట్టకూడదు కదా, కెప్టెన్."

"అయితే మెయిన్ వాల్వు కట్టెయ్."

"అది రెండో దశలో ఉంది."

అప్పటికే సిమియోనా కట్టుబట్టలతో ధార కింద నిలబడి, మోచేతుల దాకా సబ్బు పట్టించేసింది. కళ్లు మూసుకునే నన్ను పిలిచింది.

"వదినా, టైమెంతయింది?"

"తొమ్మిదిన్నర."

"అయితే తల కూడా రుద్దుకుంటాను."