పడితేనే నొప్పి

ఈ ఏడాది మొదటి తారీఖు నుంచి మా వీధి క్లినిక్కులో, ఊరికే వచ్చే భుజం నొప్పి రద్దయినదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఇంకా తగ్గనివారు సొంత పూచీ మీద భరించవచ్చు.

రద్దు చేసింది డాక్టరుగారు కాదు, పాపం. ప్రతి జబ్బుకూ ఒక కోడ్ నంబరుంటుంది. ఆ నంబరు వేసి బిల్లు పంపితేనే బీమా కంపెనీ ఒప్పుకుంటుంది. ఆ నంబర్లను కంపెనీవారు ఏటేటా మారుస్తారు. ఈసారి వచ్చిన కొత్త పుస్తకంలో నిచ్చెన మీంచి పడితే వచ్చే భుజం నొప్పి ఉంది, స్టూలు మీంచి పడితే వచ్చేది ఉంది, బాతు ఢీకొంటే వచ్చేది కూడా ఉంది. దానంతటదే వచ్చేది మాత్రం లేదు.

ఇలాంటి మార్పులు పట్టించుకోని క్లినిక్కులు ఇంకా పాత జబ్బులకే వైద్యం చేస్తూ పరువు పోగొట్టుకుంటున్నాయి. మన డాక్టరుగారు అలాంటివారు కారు. స్టెతస్కోపును మేకుకు తగిలించి, రోజూ పొద్దున్నే కోడ్ల పుస్తకం చదువుకుంటారు. పుస్తకాలకు చోటు చాలక రోగుల్ని చూసే బల్లను వరండాలోకి నెట్టి, ఆ గదిని కోడ్ల విభాగం చేశారు. దానికి అధిపతి ఆయన బావమరిది. ఏ పనిలోనూ కుదురుగా నిలవని మనిషి ఇందులో చక్కగా నిలిచాడు. ఎందుకంటే ఈ పనికే కుదురు లేదు.

అటువంటి ఆదర్శ సంస్థకు పక్కవీధి దర్జీ వచ్చాడు.

"కుడి చెయ్యి పైకి లేవట్లేదు డాక్టరుగారూ. బడి తెరిచేలోపు పిల్లల యూనిఫారాలు కుట్టివ్వాలి. ఇవ్వకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, ఇంక నా గడప తొక్కరు."

డాక్టరుగారు బావమరిది వైపు చూశారు. బావమరిది కలం తీశాడు.

"ఎక్కడ పడ్డారు?"

"పడలేదు బాబూ. పెళ్ళికాక ముందునుంచీ కత్తెర ఆడిస్తున్నా. అరిగిపోయినట్టుంది."

"అరగడం తీసేశారు. పోనీ బాతు ఏమైనా తగిలిందేమో, కాస్త గుర్తుచేసుకోండి."

దర్జీ మర్యాద తెలిసినవాడు కాబట్టి నిజంగానే గుర్తుచేసుకున్నాడు. బాతులతో ఆయనకు పరిచయం లేదు.

"పోనీ పడ్డానని రాసేసుకోండి బాబూ, నాదేం పోయింది."

ఈ మాటకు డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "అబద్ధం రాయమంటావా? చూడవయ్యా, ఈ సంస్థకు నిజాయితీయే ప్రాణం. వైద్యం ఆలస్యమైతే కావచ్చు గాని, రికార్డులో సత్యమే ఉండాలి. నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనిది జరిగిందని రాయనివ్వను."

నర్సు కళ్ళు తుడుచుకుంది. వెంటనే అత్యవసర సమావేశం జరిపి, సత్యానికి భంగం రాకుండా దర్జీ నిజంగానే పడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. స్టూలు తెచ్చారు. దర్జీ కళ్ళముందు యూనిఫారాలున్నాయి. ఎక్కాడు. డాక్టరుగారు ఎంతో దయతో స్టూలును స్వయంగా పట్టుకుని, కుడివైపే పడమని చెప్పి, వదిలేశారు.

దర్జీ భయంకొద్దీ ఎడమచెయ్యి ఆన్చాడు. మణికట్టు విరిగింది.

"బావగారూ, దీనికి కోడ్ ఉంది," అన్నాడు బావమరిది, ఆనందంగా పుస్తకం తెరుస్తూ.

ఎడమచేతికి రాజవైద్యం జరిగింది. ఎక్స్‌రే ఫొటోలు తీశారు, కట్టు కట్టారు. కుడిభుజం సంగతి అడిగితే, వచ్చే ఏడాది పుస్తకంలో చూద్దామన్నారు. యూనిఫారాలు వేరే దర్జీకి వెళ్ళాయి. స్టూలు వరండాలో స్థిరపడింది. ఇప్పుడు రోగులు ముందు దాని దగ్గర వరుసకట్టి, తరవాత డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు.

ఒక్క బిల్లూ తిరిగి రాని క్లినిక్కుగా గుర్తించి కంపెనీవారు డాక్టరుగారికి సన్మానం పెట్టారు. మీరూ వచ్చారు, నేనూ వచ్చాను. కోలుకున్న రోగి అని దర్జీని ముందు వరుసలో కూచోబెట్టారు. శాలువా కప్పగానే హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది.

చప్పట్లు కొట్టనిది దర్జీ ఒక్కడే. ఒక చేతికి కట్టు, రెండోది లేవదు. మనం ఆయన వైపు తిరిగి చూసి, మనిషన్నాక కాస్త విశ్వాసం ఉండొద్దూ అని గొణుక్కుని, ఇంకాస్త గట్టిగా కొట్టాం.