ఆరు బుర్రలూ పదహారు బుర్రలూ

లెక్కల మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బడికి వెళ్ళి రెండు కంప్యూటర్లలో ఏది చురుకైనదో తేల్చడం, మధ్యాహ్నం ఇంట్లో భోంచేయడం, సాయంత్రం ఆరింటి రైలెక్కి భార్యకు సముద్రం చూపించడం. పద్దెనిమిదేళ్ళుగా ఆయన సెలవులన్నీ బడి టైంటేబుల్ గళ్ళు నింపడానికే సరిపోయాయి. పెళ్ళైన కొత్తలో చూపిస్తానన్న సముద్రాన్ని ఆవిడ ఇప్పటికీ క్యాలెండర్ బొమ్మలోనే చూస్తోంది.

"ఏవండీ, ఈసారి కూడా పెద్ద మేడం అడిగారు, కాదనలేకపోయాను అంటూ వచ్చారంటే, మీ టికెట్టు మీద మా చెల్లెల్ని తీసుకెళ్ళిపోతాను," అని ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది.

"ఇకమీదట ఆ పని కంప్యూటరే చేసుకుంటుందే. ఏది కొనాలో తేల్చేసి వచ్చేస్తా," అన్నారు మాస్టారు. ఆయన ఎంతటి చిక్కులెక్కనైనా విప్పగలరు గానీ, ఎదుటి మనిషితో కాదని మాత్రం అనలేరు.

దుకాణంవాళ్ళు ఒక రోజు వాడి చూసుకోమని ఇచ్చిన రెండు పెట్టెలూ కంప్యూటర్ గదిలో పక్కపక్కనే ఉన్నాయి. ఎడమదాని ప్రాసెసర్‌లో ఆరు కోర్లు, ఒక్కొక్కటీ మహా వేగం. కుడిదాంట్లో పదహారు, ఒక్కొక్కటీ కాస్త నిదానం. బడి తెరవడానికి ఇంకా రెండు వారాలున్నా, మీటింగు ఉండటంతో ఆ రోజు స్టాఫంతా వచ్చారు.

"కోరంటే ఏంటి సార్?" అని అడిగింది సంగీతం టీచరు.

"బుర్ర అనుకోండి. దీనికి ఆరు చురుకైన బుర్రలు, దానికి పదహారు మామూలు బుర్రలు."

"అయితే పదహారే నయం. పదిమంది చెయ్యేస్తే పనెంత?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"పదహారు మంది ఉన్న ఇంట్లో పని ఎప్పుడైనా తెమిలిందా?" అంది సంగీతం టీచరు. స్టాఫంతా అక్కడికక్కడే రెండుగా చీలిపోయింది.

పెద్ద మేడం తగువు తీర్చారు. "రెండింటికీ ఒకే టైంటేబుల్ పని ఇవ్వండి. ఏది ముందు పూర్తిచేస్తే అది కొంటాం. అది వేసిన టైంటేబులే ఈ ఏడు నడుపుతాం."

మాస్టారు రెండింట్లోనూ షరతులు ఎక్కించారు. ఒక మనిషి ఒక పీరియడ్లో ఒక గదిలోనే ఉండాలన్న సంగతి ఆ ప్రోగ్రాముకు పేరుపేరునా చెప్పాలి. స్టాఫు రూములోని ఒక్కొక్క మొహాన్నీ తలుచుకుంటూ ఆ పేర్లన్నీ కొట్టి, మీట నొక్కి, టీ తాగడానికి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళగానే సంగీతం టీచరు ఎడమ కంప్యూటర్లో ఒక చిన్న కోరిక రాసింది. పాట జరిగేటప్పుడు దరిదాపుల్లో విజిలు మోగకూడదు. అది చూసిన డ్రిల్లు మాస్టారు, విజిలు మోగేటప్పుడు దరిదాపుల్లో పాట ఉండకూడదని కుడి కంప్యూటర్లో రాశారు. మాస్టారు తిరిగొచ్చేసరికి రెండు యంత్రాలూ రెండు వేరువేరు బడులకు టైంటేబుల్ వేస్తున్నాయి.

"ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ రాయండి. పోటీ అన్నాక న్యాయం ఉండాలి," అన్నారు పెద్ద మేడం.

కోరికలు రాసుకుంటున్నారన్న కబురు బడంతా పాకింది. గుమ్మం దాకా వరుస కట్టారు. ఒకరికి మొదటి పీరియడు వద్దు, ఒకరికి చివరిది వద్దు, సైన్సు టీచరుకు మెట్లు ఎక్కే పీరియడేదీ వద్దు. పెద్ద మేడం కూడా పోనీలెమ్మని రెండు రాయించారు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు తలా నాలుగైదు కోరికలు వేసేసరికి, ఇరవై షరతులు కాస్తా నూట పద్నాలుగయ్యాయి. కాదనడం తెలియని మాస్టారు ప్రతిదాన్నీ రెండుసార్లు కొడుతూనే ఉన్నారు. కోరిక చేరినప్పుడల్లా రెండు యంత్రాలూ మళ్ళీ మొదటికొచ్చేవి.

ప్రాసెసర్ వేడెక్కితే వేగం తగ్గుతుందని సైన్సు టీచరు నోరు జారింది. వెంటనే డ్రిల్లు మాస్టారి వర్గం ఆఫీసు గది ఫ్యాను పట్టుకొచ్చి కుడిదానికి పెట్టింది. సంగీతం టీచరు వర్గం కిటికీ తెరిచి ఎడమదాన్ని గాలికి జరిపి, కుడిదానికి చలేస్తుందేమోనని శాలువా కప్పింది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటి నుంచి ఫోనొచ్చింది. "భోజనానికి రాలేదేం?"

"ఎడమది అరవై ఒక్క శాతం, కుడిది అరవై రెండు."

"నేనడిగింది అన్నం సంగతి," అంది భార్య. "మా చెల్లెలు పెట్టె సర్దుకుంటోంది."

నాలుగున్నరైనా అంకెలు కదల్లేదు. పెద్ద మేడమే దారి చూపించారు. "ఎవరు ఏ పాఠమైనా చెప్పొచ్చని రాసేయండి. మనవాళ్ళంతా చదువుకున్నవాళ్ళేగా."

రాశారు. ఐదు సెకన్లలో కుడిది నూరు శాతం చూపించింది, మరో సెకనుకు ఎడమది. డ్రిల్లు మాస్టారు మీసం దువ్వుకుంటూ కాగితం తీశారు. నూట పద్నాలుగు షరతులూ పొల్లుపోకుండా తీరాయి. సోమవారం నుంచి శనివారం దాకా, అన్ని తరగతుల్లో, అన్ని పీరియడ్లలో, ఒకటే పేరుంది. లెక్కల మాస్టారు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు పెద్ద మేడం. ఎవరికీ లేదు.

"నా విజిలు ఇచ్చేస్తాను సార్," అన్నారు డ్రిల్లు మాస్టారు ఆదరంగా.

"రెండు పాటలు నేర్పేస్తాను. గొంతు కుదురుతుంది," అంది సంగీతం టీచరు.

మాస్టారికి అప్పుడు వెలిగింది. ఒక మనిషి ఒక గదిలోనే అన్న షరతుకు పంతొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. ఇరవయ్యో పేరు ఆయనది. గబగబా రెండింట్లోనూ తన పేరు చేర్చి, రెండు చేతులా ఒకేసారి మీటలు నొక్కారు. రెండు తెరల మీదా ఒకే క్షణంలో ఒకే మాట వచ్చింది. సాధ్యం కాదు.

"సరిసమానం," అన్నారు పెద్ద మేడం. "అయితే రెండూ వెనక్కి పంపేద్దాం. మీరున్నారుగా సార్. సాధ్యం కాదన్న మాట మీ నోట ఎప్పుడైనా విన్నామా? ఇవాళే మొదలుపెట్టేయండి."

గోడ గడియారం ఐదుంబావు చూపిస్తోంది. మాస్టారి తల అలవాటు కొద్దీ ఊగబోయి, సగంలో ఆగింది.

"సాధ్యం కాదు మేడం," అన్నారు. పద్దెనిమిదేళ్ళకు ఆ మాట అన్నందుకు ఆయనకు పట్టరాని సంతోషం వేసింది. సంచీ తీసుకుని, ఎవరూ తేరుకోకముందే వీధిలో పరుగు అందుకున్నారు. ఆరింటి రైల్లో కిటికీ పక్కన అప్పటికే సర్దుకు కూర్చున్న మరదలు గొణుక్కుంటూ దిగాల్సి వచ్చింది.

మర్నాడు పెద్ద మేడం స్కేలూ, పెన్సిలూ, నాలుగు రబ్బర్లూ తెప్పించుకుని టైంటేబుల్ వేయడానికి తనే కూర్చున్నారు. ఆవిడ వేగం కొలిచే సాహసం మాత్రం ఎవరూ చేయలేదు.