తోడేలు అభ్యంతరం లేదని రాసివ్వాలి

మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ ఘనమైనది, పిల్లలు ముందస్తు అనుమతి లేకుండా నవ్వకుండా చూసే ఏర్పాటు. నిప్పునీ చక్రాన్నీ ఎవరో ఒకరు ఎప్పటికైనా కనిపెట్టేవారే. బాలల హాస్య కథల పరిశీలన విభాగాన్ని మాత్రం పెద్దలు పనిగట్టుకుని, బుర్రలు బద్దలు కొట్టుకుని, మూడంతస్తుల్లో కట్టాల్సి వచ్చింది.

మా పేట గ్రంథాలయంలో వెనక గది పిల్లలది. ప్రతి శనివారం పొద్దున పదింటికి అక్కడ ఒకావిడ కథ చెబుతుంది. పిల్లలు కథలత్త అంటారు. పాత కథల్ని తిరగేసి కడుపుబ్బ నవ్వించడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య విభాగం దృష్టికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. (విభాగానికి చూపు కాస్త మందగించింది.)

వచ్చిన ఉత్తరం సారాంశం ఇదీ. నెలాఖరు శనివారం అనుమతి పొందిన హాస్య కథ ఒకటి చెప్పాలి. పరిశీలకుడు వచ్చి కూర్చుంటాడు. హాజరైన పిల్లల్లో సగం మందైనా నవ్వాలి. నవ్వకపోతే గదిని పాత ఫైళ్ళు దాచుకోవడానికి తీసేసుకుంటారు. ఆ గది పోతే కథలత్తకు పిల్లలు పోయినట్టే, ఆవిడకు వేరే పిల్లలు లేరు. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, నేనే అంటున్నాను.

ఆవిడ పంపిన కథలో మనవరాలు అడవి దాటి అమ్మమ్మ ఇంటికి వెళ్తుంది. అప్పటికే తోడేలు అమ్మమ్మను అటకెక్కించి, ఆవిడ గౌనూ కళ్ళజోడూ తగిలించుకుని మంచం మీద పడుకుని ఉంటుంది. పిల్ల ఇట్టే కనిపెట్టేస్తుంది గానీ బయటపడదు. సూదిలో దారం ఎక్కించమంటుంది, జడ వెయ్యమంటుంది, పక్కింటావిడను తీసుకొచ్చి కూర్చోబెట్టి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడమంటుంది. సాయంత్రమయ్యేసరికి తోడేలు గౌను విప్పేసి, అమ్మమ్మను దించి, మీ ఉద్యోగం మీరే చేసుకోండమ్మా అని దణ్ణం పెట్టి పరిగెడుతుంది.

విభాగం ఈ కథను అక్షరం విడవకుండా చదివింది. మైనరు పిల్ల ఒంటరిగా అడవిలో నడవరాదు గనక మొదటి బల్లవారు పిల్లను ఇంట్లోనే ఉంచారు. ముసలావిడను అటకెక్కించడం ఎముకలకు మంచిది కాదని రెండో బల్లవారు అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చారు. మారువేషంలో చూపించడం తోడేలు పరువుకు భంగమని మూడో బల్లవారు తేల్చారు. తనకు అభ్యంతరం లేదని తోడేలు రాసి సంతకం పెట్టాలి. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. (వారి ఉదారత గమనించాలి.)

"అది కథలో తోడేలు బాబూ," అంది కథలత్త.

"మేమూ అదే అంటున్నామమ్మా. బయట తోడేలైతే అడవి ఆఫీసువాళ్ళు చూసుకుంటారు," అన్నాడు విభాగం గుమాస్తా.

తోడేలు గడువులోగా హాజరు కాలేదు. దాన్నీ తీసేశారు.

చివరగా ముగ్గురు సభ్యుల హాస్య సంఘం కూర్చుంది. విధుల్లో ఉండగా నవ్వరాదు, విధుల్లో లేనప్పుడు నవ్విన నవ్వు లెక్కలోకి రాదు. అందువల్ల ముగ్గురూ మూతులు బిగించి చదివి, కథలో అభ్యంతరకరమైన హాస్యం ఏమీ లేదని ముద్ర కొట్టారు. చెప్పేవారు సొంత మాట ఒక్కటీ కలపరాదని, పిల్లలు ప్రశ్నలడిగితే ఫైలులో ఉన్నదే చదివి జవాబివ్వాలని కింద రాసి, ఫైలు మొత్తం ఆవిడకు పంపారు.

శనివారం ఇరవై ముగ్గురు పిల్లలొచ్చారు. పరిశీలకుడు గారు పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. ఫైళ్ళ మూటలు అప్పటికే వసారాలో దిగాయి. తీసుకెళ్ళిన పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

కథలత్త గొంతు సవరించుకుని అనుమతి పొందిన కథ చదివింది. "అనగనగా ఒక మనవరాలు. ఇంట్లో ఉంది. అమ్మమ్మ ఆసుపత్రిలో ఉంది. ఇద్దరూ క్షేమం."

ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ కాగితం తిప్పి చూసింది, వెనక ముద్ర తప్ప ఏమీ లేదు. నాకు ఆ మూడు బల్లల్నీ విరగ్గొట్టాలనిపించింది.

ముందు వరసలో ముందు పళ్ళు ఊడిన పిల్ల ఒకతి లేచింది. "అత్తా, మరి తోడేలేదీ?"

కథలత్త పరిశీలకుడి వైపు చూసింది. ఫైలులో ఉన్నది చదవొచ్చని ఆయన తలూపారు. ఆవిడ ఫైలు తెరిచి, రాక్షసులకు వాడే గొంతుతో మొదలుపెట్టింది. "తోడేలు గారికి మూడు నోటీసులు పంపినా కార్యాలయానికి రానందున..."

వెనకెక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. వేలిముద్ర దగ్గరికొచ్చేసరికి ఇద్దరు చాప మీద దొర్లుతున్నారు. అమ్మమ్మ ఎముకల గురించి రెండో బల్లవారి నాలుగు పేజీల నివేదికకు గది దద్దరిల్లింది. ఇరవై నిమిషాల తర్వాత ఫైలు మూస్తే, మళ్ళీ మొదట్నించీ చదవమని గోల. కథలత్త కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వేసింది. నాకూ గుండె తేలికపడింది.

పరిశీలకుడు గారు నిజాయితీపరులు. వేలు చూపించి లెక్కించి నమూనా పత్రంలో రాసుకున్నారు: హాజరైనవారు ఇరవై ముగ్గురు, నవ్వినవారు ఇరవై ముగ్గురు, గది పిల్లలకే ఉంచవచ్చు. నవ్వుకు కారణం అన్న చోట మాత్రం ఆగారు. ఫైలు అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చివరి ముద్ర దాకా రెండుసార్లు శ్రద్ధగా చదివారు. ఆ తర్వాత కలం మూత తీసి, గుండ్రటి అక్షరాలతో రాశారు: తెలియరాలేదు.