సీజర్ కాటు, సన్యాసమ్మ చెయ్యి

ఆ ఊళ్లో కుక్క ఎవరిని కరిచినా గాయం కుక్క యజమానికే అయ్యేది. వీధిలో పాలవాడి పిక్క పట్టుకుంటే, ఇంట్లో పేపరు చదువుకుంటున్న యజమాని పిక్క మీద అదే క్షణంలో పంటి గాట్లు దిగేవి. పాలవాడికి కాస్త తడి తగిలినట్టుండేది, అంతే. ఇది అక్కడి నీళ్ల గుణమని కొందరూ, మునిసిపల్ చట్టంలోనే ఉందని కొందరూ అనేవారు. ఏదైతేనేం, ఊళ్లో కుక్కలన్నీ గొలుసులతోనే ఉండేవి.

రెండేళ్ల కిందట మునిసిపాలిటీ కుక్కకాటు బీమాను తప్పనిసరి చేసింది. పాత బస్టాండు వెనక బీమా కంపెనీ బ్రాంచి తెరిచింది. పాలసీ తీసుకున్న యజమానికి ఇక గాయం కాదు, బాధ్యత కంపెనీకి బదిలీ అవుతుంది. కంపెనీకి పిక్కలూ మోచేతులూ ఉండవు కనుక ఆ పనికి పద్నాలుగు మందిని తీసుకున్నారు. వాళ్ల హోదా బాధ్యత సహాయకులు.

వాళ్లలో సన్యాసమ్మ ఒకతె. పద్దెనిమిదేళ్లు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు ఒలిచి, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఆమెకు ముప్పై అయిదు కుక్కలు అప్పగించారు. ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి, సంతకం చేసి, కుర్చీలో కూర్చునేది. కాటు పడగానే ఫారం నింపాలి: సమయం, ఏ అవయవం, ఎన్ని పళ్లు. ఆ తర్వాతే నర్సు మరియమ్మ గాయం కడిగి సూది వేసేది. మొదటి నెలలో పడినవి మూడే కాట్లు. జీడి రసానికి వేళ్లు కాలడం కంటే ఇదే నయమని సన్యాసమ్మ ఇంట్లో చెప్పింది.

ఆరు నెలలు తిరిగేసరికి కొట్లలో గొలుసులు అడిగేవాళ్లు లేకుండా పోయారు. బడికి పోయే పిల్లలు చక్కిలిగింత కోసం కుక్కల నోట్లో చేతులు పెట్టడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లూ వద్దనలేదు, ఎవరికీ ఏమీ కావడం లేదు కదా. సన్యాసమ్మకు రోజూ నాలుగయిదు పడేవి. పంటి వరస చూసి ఏ కుక్కో చెప్పగలిగేది. సగానికి సగం సీజర్‌వే. అది కాలవ రోడ్డులో ఉండే రిటైర్డు కాంట్రాక్టరు గోవర్ధనరావుది.

ఒకరోజు పొద్దుటే మోకాలి కింద మూడు సీజర్ కాట్లు పడ్డాయి. భోజనాల వేళ ఆమె కుంటుకుంటూ కాలవ రోడ్డుకు వెళ్లింది. గోవర్ధనరావు వరండాలో ఉన్నాడు. సీజర్ మెట్ల మీద పడుకుని ఉంది.

“ఎవరమ్మా?”

“సన్యాసమ్మని బాబూ. మీ కుక్క కరిస్తే ఆ గాటు నాకే పడతాది.”

గోవర్ధనరావు మొహం విప్పారింది. “ఏమేవ్, మన పాలసీ వచ్చింది, కాఫీ పట్రా!” అని లోపలికి కేకేసి, ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు. పంచె పైకి తీసి తన పాత మచ్చ చూపించాడు. “పోస్ట్‌మేన్‌ని పట్టుకుంది. నాకు ఏడు కుట్లు పడ్డాయి. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. అప్పట్నుంచి నాలుగేళ్లు గొలుసు విప్పలేదు.”

“మరి ఇప్పుడు కట్టరేటి బాబూ?”

“కట్టేస్తే ఇంక పాలసీ ఎందుకమ్మా?” అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

ఆమె కాఫీ తాగి, దణ్ణం పెట్టి, గేటు దాకా వెళ్లింది. సీజర్ లేచి వచ్చి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది. అలవాటు కొద్దీ సన్యాసమ్మ ఎక్కడో ఇంకెవరికో తగిలి ఉంటుందనుకుంది. తర్వాత చూసుకుంది. పళ్లు దిగిన చోటే నెత్తురు కారుతోంది. ఆ ఊళ్లో కుక్క పెంచుకోని మనిషిని కుక్క కరిచి, ఆ మనిషికే గాయమవడం అదే మొదటిసారి.

ఆఫీసులో ఫారం ముందుకు కదల్లేదు. ‘కరిపించుకున్నవారు’ అన్న గడిలోనూ ‘గాయపడినవారు’ అన్న గడిలోనూ ఒకే పేరు కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. మేనేజరు కామేశ్వరరావు మూడుసార్లు కొట్టి చూశాడు.

“సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఎవర్ని కరిచింది?”

“నన్నే బాబూ.”

“మరి దెబ్బ ఎవరికి తగిలింది?”

“నాకే.”

“కుక్క కరిచిన మనిషికే దెబ్బ తగలడమేమిటమ్మా?” అన్నాడు కామేశ్వరరావు. తక్కిన సహాయకులు కూడా నవ్వారు. సన్యాసమ్మకు తన మాట తనకే అబద్ధంలా వినిపించింది. ఫారం పూర్తయితే తప్ప సూది ఇవ్వకూడదు. మరియమ్మ సిరంజి సిద్ధం చేసుకుని రెండు గంటలు నిలబడింది. చేతికి చుట్టిన తువ్వాలు తడిసిపోయింది.

“అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?” అని చివరికి మేనేజరు అడిగాడు.

“ఆ బాబున్నారు.”

కరిపించుకున్నవారి గడిలో గోవర్ధనరావు పేరు రాశారు. కంప్యూటర్ వెంటనే తీసుకుంది. మరియమ్మ సూది వేసింది.

నిబంధన ప్రకారం కరిపించుకున్నవారికి కలిగిన అసౌకర్యానికి విచారిస్తూ కంపెనీ ఒక ఉత్తరమూ పళ్లబుట్టా పంపుతుంది. ఆ వారం అవి గోవర్ధనరావుకు అందాయి. మంచి మనిషి, అందులోంచి రెండు బత్తాయిలు డ్రైవరు చేత సన్యాసమ్మకు పంపాడు. భోజనాల వేళ సీటు వదిలి వెళ్లినందుకు ఆమెకు మెమో కూడా అదే రోజు వచ్చింది. రెండిటికీ సంతకం పెట్టి తీసుకుంది.

ఊరు ప్రశాంతంగా ఉండడం చూసి కంపెనీ ఈ నెల నుంచి, బండి గుద్దిన దెబ్బలూ సహాయకులకే పడేలా, వాహనాల పాలసీలు కూడా మొదలుపెట్టింది. పక్క హాలు అద్దెకు తీసుకుని వరసగా మంచాలు వేయించారు. సీనియారిటీ ఉంది కనుక ముందు ఆమెకే చూపించారు.

“లారీలు కూడానా బాబూ?” అని అడిగింది సన్యాసమ్మ.

“లారీలు వచ్చే ఏడాది. ముందు స్కూటర్లే” అన్నాడు కామేశ్వరరావు.

ఆమె హాలంతా ఒకసారి తిరిగి, గాలి బాగా వస్తుందని కిటికీ పక్క మంచం అడిగి తీసుకుంది.