ఛాంపియన్‌కి ఆటెందుకండీ?

క్రీడాకారుల ఆరోగ్యానికి ప్రాక్టీసు హానికరం! ఈ మాట తేలిగ్గా అనడం లేదు. పటమటలోని మా సన్మాన సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న అనుభవంతో అంటున్నాను.

పామర్రు అమ్మాయి దీవెన సంగతే చూడండి. ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో జాతీయ ఛాంపియన్! చర్చి పక్కనున్న ఖాళీ జాగాలో బంతి కొడుతూ పెరిగింది. బంతి వెళ్లి పంట కాలువలో పడితే వాళ్ల నాన్న ఫిలిప్ గారు లుంగీ ఎగ్గట్టి దిగి వెతికేవారు. మండుటెండలో రోజంతా ఒకటే కొట్టుడు. అదీ ఒక బతుకేనా?

కప్పు గెలవగానే ఆ కష్టాలన్నీ మేం తీర్చేశాం. పొద్దున ఇబ్రహీంపట్నంలో ఊరేగింపు, మధ్యాహ్నం పటమటలో అభినందన సభ, సాయంత్రం పామర్రు చర్చిలో కృతజ్ఞతా కూడిక. ఫ్లెక్సీలో ఆమె చేతికి హాకీ కర్ర ఇచ్చామని గిట్టనివాళ్లు నవ్వారు. ఏ కర్రయితేనేం, చేతిలో కర్ర ఉందా లేదా?

గోల్ఫ్‌కి భుజబలం కావాలంటారు. క్రేన్‌కి వేలాడే గజమాల కింద నవ్వుతూ నిలబడటాన్ని మించిన ఎక్సర్‌సైజ్ ఏ జిమ్‌లో ఉంది? ఏకాగ్రత కావాలంటారు. మా వక్తలు మాట్లాడుతున్నంతసేపూ ఆవులింత ఆపుకోవడం మాటలా?

షామియానా ప్రతిసారీ గాలికి లేచిపోతోందని, ఆమె గౌరవార్థం ఆ చర్చి పక్క జాగాలోనే కాంక్రీటు వేదిక కట్టించాం. "మరి అమ్మాయి ఎక్కడ ప్రాక్టీసు చేసుకుద్దండీ?" అని ఫిలిప్ గారు అడిగారు.

"ఛాంపియన్ అయిపోయాక ఇంకా ప్రాక్టీసేంటండీ?" అన్నాను. పాపం, ఆయనకు లోకజ్ఞానం తక్కువ.

ఈ మధ్య ఏదో పెద్ద టోర్నమెంటుకి వెళ్లింది. అక్కడ సగం ఆట అయ్యేసరికి వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారట. మా దీవెన సగంలోనే వచ్చేసింది. ఎంత సంతోషమో! సన్మానాలకు మరో రెండు రోజులు కలిసొచ్చాయి.

నిన్న ఆ వేదిక మీదే ఆమెకు మైకు అందించాం. "ఈ స్టేజీ ఉన్నచోటే నేను ఆట నేర్చుకున్నానండీ" అంది. చప్పట్లే చప్పట్లు! నేనైతే లేచి నిలబడి మరీ కొట్టాను.

ఆ హోరులో ఆమె ఇంకో ముక్క కూడా అంది. "నాకు మళ్లీ ఆడాలనుందండీ. దయచేసి దీన్ని తీసేయండి."

జనానికి వినపడలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు స్పష్టంగా వినపడింది. వెంటనే మైకు తీసుకుని, శాలువా కప్పేశాను.