అగళికి పోయే బండి

మధ్యాహ్నానికల్లా బండి బాగుచేసి, మరుసటి రోజు పొద్దున్నే అగళికి వెళ్ళి కోడలిని తోడుకొని రావాలని నారాయణస్వామి నిద్ర లేస్తూనే నిశ్చయించుకున్నాడు. ఆ మాట భార్య సుంకమ్మతో కూడా చెప్పాడు. ఆమె సంకటి కెలుకుతూ తలెత్తలేదు. ఇలాంటి నిశ్చయాలు చాలా విన్నది.

"హిందూపురానికి చెనిక్కాయల మూటలు మోసే బండి, అగళి అంటేనే కారుతాదా?" అంది.

"హిందూపురం దోవలో బావులుండాయి. ఆగినకాడల్లా నీళ్ళు పోసుకుంటా పోవచ్చు. మడకశిర దాటినాక ఎవురు పోస్తారే నీళ్ళు?"

రేడియేటరు కారడం అబద్ధం కాదు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు బెంగుళూరులో వేలం వేసిన పాత పికప్పు అది. పెనుకొండ పక్కనున్న ఆ పల్లెకు దాన్ని తెచ్చినవాడు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కుళ్ళాయప్ప. పెళ్ళి చేసుకొని నాగరత్నమ్మను అగళి నుంచి తెచ్చుకున్నదీ ఆ బండిలోనే. పెళ్ళయిన రెండో వేసవిలో వాంతిబేది తగిలి, తెల్లారేసరికి పోయాడు.

కర్మాంతరాలు కాగానే నాగరత్నమ్మను ఆమె తండ్రి పుట్టింటికి తీసుకుపోయాడు. మళ్ళీ పిలిపించుకుంటామని నారాయణస్వామి అనలేదు. పంపిస్తామని వాళ్ళూ అనలేదు. వయసులో ఉన్న పిల్లను ఇద్దరు ముసలివాళ్ళ మధ్య కూర్చోబెట్టుకోవడానికి ఏ ముఖం పెట్టుకొని పిలవాలో అతనికి తోచలేదు. ఎవరైనా కోడలి మాట ఎత్తితే, "బండి బాగయితానే పోతా" అనేవాడు. రేడియేటరు కారినంతకాలం ఆ మాట చెల్లింది. ఏడాది తద్దినం కూడా ఆమె లేకుండానే జరిగిపోయింది. తీరా ఇప్పుడు, రెండో తద్దినం దగ్గరపడే వేళకు, రేడియేటరు పూర్తిగా చిల్లులు పడి హిందూపురానికి కూడా పనికిరాకుండా పోయింది. మార్చక తప్పదు. మారిస్తే అగళికి పోకా తప్పదు.

"హిందూపురం మేస్త్రీని పిలిపించుకోరాదా?" అంది సుంకమ్మ.

"దాని మింద ఇంకొకరి చెయ్యి పడకూడదు. నేనే ఇప్పుతా."

రేడియేటరు నట్లను చివరిసారి బిగించినవి కుళ్ళాయప్ప చేతులు. ఆమె లోపలికి వెళ్ళి, కొడుకు పాత పంచెలో మూటగట్టి దాచిన స్పానర్లు తెచ్చి అతని ముందు పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నారాయణస్వామికి బండి తోలడం వచ్చుగానీ దాని లోపలి సంగతులు తెలియవు. రేడియేటరు తీయాలంటే ఏది అడ్డమో తెలియక, అడ్డం ఉన్నవన్నీ తీశాడు. బానెట్టు వచ్చింది. దీపాలు వచ్చాయి. ముందరి ఇనుప జాలీ వచ్చింది. మడ్‌గార్డు ఒకటి అనవసరంగా వచ్చింది. అన్నిటినీ వాకిట్లో చాపమీద వరసగా పేర్చాడు. కొడుకు బిగించిన బోల్టులు, నట్లు మాత్రం ఒక్కొక్కటే తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. చివరిది తుప్పుపట్టి కదల్లేదు. దానితో కుస్తీ పడుతున్నప్పుడే నాగప్ప వచ్చాడు. పల్లెల్లో చింతపండు కొని హిందూపురం సంతకు వేసే నాగప్ప, రోజూ బస్సెక్కే మనిషి.

"ఏమప్పా, బండిని ఈ మాదిరి ఊడదీసినావు? తునకలు తునకలుగా అమ్ముతాండావా?"

నారాయణస్వామి పళ్ళ మధ్య ఒక బోల్టు ఉంది. "ఊఁ" అన్నాడు. నీ దోవన నువ్వు పో అని దాని అర్థం. నాగప్ప దాన్ని వేరే విధంగా తీసుకొని, తన దోవన తాను పోయాడు.

కష్టపడి ఊడబెరికిన రేడియేటరును కంబళిలో చుట్టి, ఎండ ముదరకముందే నారాయణస్వామి హిందూపురం బస్సెక్కాడు. టాపుమీద వేస్తే సొట్టలు పడుతుందని బిడ్డలాగా ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కసీటులో కూర్చున్న అవ్వ కంబళి వంక జాలిగా చూసింది.

"ఒంట్లో బాగలేదా నాయనా?"

"లేదవ్వా. నీళ్ళు నిలబడ్తాలేదు. ఎంత పోసినా కారిపోతాండాది."

"అయ్యో! ఎన్నాళ్ళాయె?"

"రెండేండ్లు కావస్తాండాది."

"రెండేండ్లా!" అవ్వ గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఎట్ల ఓర్చుకున్నావు నాయనా? రాగి గంజి పల్చగా తాపు. రెండు ఉప్పురాళ్ళు వేసి తాపు. నా మాట విను, నీళ్ళు నిలబడకుంటే పానం నిలబడదు."

ముందు సీటువాళ్ళు లేచి చోటిచ్చారు. కండక్టరు గొంతు తగ్గించి మాట్లాడాడు. అది ఇనుమని ఒక్కమాట చెబితే సరిపోయేది. కానీ వాంతిబేది తగిలిన ఆ రోజు కుళ్ళాయప్పకు కూడా సుంకమ్మ చెంచాతో గంజి పోస్తూనే ఉంది. పోసింది పోసినట్లే బయటికి వచ్చింది. నారాయణస్వామి కంబళిని ఇంకాస్త దగ్గరికి తీసుకొని కిటికీ వైపు తిరిగాడు. అవ్వ హిందూపురం వచ్చేదాకా అతని వీపు నిమురుతూ కూర్చుంది.

పాత సామాన్ల అంగట్లో ఆ బండికి సరిపోయే రేడియేటరు దొరకలేదు. ఏదో లారీదొకటి దొరికింది. కొంచెం పెద్దది, సర్దుకుంటుందని అంగడివాడు అన్నాడు. ఏది సర్దుకోవాలో చెప్పలేదు.

నారాయణస్వామి తిరిగి వచ్చేసరికి వాకిలి సంతలాగా ఉంది. చక్రాలు తన ఎద్దులబండికి బాగుంటాయని ఒకడు కొలుస్తున్నాడు. ధర్మవరం నుంచి వచ్చిన ఇంకొకడు దీపాలు చంకలో పెట్టుకున్నాడు. సుంకమ్మ రోకలి పట్టుకొని బండికి అడ్డంగా నిలబడి ఉంది.

"చెయ్యి పెట్టినోని చెయ్యి ఇరగ్గొడతా! నా కొడుకు బండి ఇది!"

అందరినీ పంపించేసరికి పొద్దుగూకింది. అప్పటికే నాగప్ప నోట్లో పడిన మాట బస్సులు మారుతూ పోతోంది. పెనుకొండలో బండి అమ్ముతున్నాడన్నది, మడకశిర చేరేసరికి చేను కూడా అమ్ముతున్నాడని పెరిగింది. అగళిలో దిగేటప్పటికి ముసలోళ్ళిద్దరూ అన్నీ తెగనమ్ముకొని కాశీకి పోతున్నారు, ఇంక తిరిగి రారు.

మరునాడు నారాయణస్వామి లారీ రేడియేటరును పికప్పులో కూర్చోబెట్టడానికి పూనుకున్నాడు. వెనక్కి జరిపితే ఫ్యాను తగులుతోంది. ముందుకు జరిపితే జాలీ మళ్ళీ కూర్చోదు. రంపపు బ్లేడుతో జాలీ నడిమికి కోసేశాడు. రబ్బరు గొట్టాలు వదులయితే సైకిలు ట్యూబు చుట్టి కట్టాడు. చివరికి జేబులోని బోల్టులు తీసి పెట్టి చూశాడు. ఒక్కటీ పట్టలేదు. కంతలు వేరే చోట్ల ఉన్నాయి. తిప్పి చూశాడు, ఒత్తి చూశాడు. కొడుకు బిగించినవి మళ్ళీ తన చేతులతో బిగించాలని కదా ఇంత యాతన పడింది! వాటిని తిరిగి జేబులో వేసుకొని, రేడియేటరును కట్టేందుకు ఇనుప తీగ కమ్మీ తీసుకొని బండి కిందికి దూరాడు.

వెల్లకిలా పడుకొని కమ్మీ మెలిపెడుతుండగా పక్కన రెండు జతల పాదాలు వచ్చి ఆగాయి. మళ్ళీ బేరగాళ్ళే అనుకున్నాడు.

"అమ్మేది లేదని ఎన్నితూర్లు చెప్పాల? వచ్చిన దోవనే పోండి!" అని అరిచాడు.

"పిలవకుండా వస్తే మర్యాద ఇట్లనే ఉంటాదిలే. పదమ్మా, పోదాం," అంది ఒక మగగొంతు. అది వియ్యంకుడు నరసింహులుది.

రెండో జత పాదాలు కదల్లేదు. దుమ్ముకొట్టుకొని ఉన్నాయి. వేళ్ళకు మెట్టెలు లేవు.

"మామా, నేను," అంది నాగరత్నమ్మ.

నారాయణస్వామి తటాలున లేవబోయి, తల ఇనుముకు కొట్టుకొని, మళ్ళీ పడుకున్నాడు. పడుకున్నాక లేవబుద్ధి కాలేదు.

"కాశీకి పోతాండారంట కదా," అంది ఆమె. "నాకు ఒక మాట చెప్పకుండానే పోతారా?"

"కాశీకి యాడ పోయేదమ్మా? హిందూపురమే సక్కగా పోలేకపోతాండా. అగళికి వద్దామనే దీన్ని ఊడదీసినా."

"రెండేండ్లు ఊడదీస్తానే ఉండారా?"

కిందనుంచి కమ్మీ మెలిపెడుతున్న చప్పుడు వచ్చింది.

"బండే రావాల్నా మామా? బస్సు లేదా?"

"ఏమని పిలిచేది తల్లీ?" అన్నాడు కిందనుంచే. "వాడు లేని ఇంటికి నిన్ను ఏమని పిలిచేది?"

"అత్త ఉండాది, నువ్వుండావు. ఎవురన్నా వస్తారేమోనని బస్సొచ్చినప్పుడల్లా చూస్తా ఉంటి. రాకపోయేతలికి, నా కాలు మంచిది కాదని మీరు అనుకుంటాండారేమో అనుకుంటి."

సుంకమ్మ ఇంట్లోనుంచి ఎప్పుడు వచ్చిందో, ఆ మాట విని కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజంమీద ఒకరు పడి ఏడ్చారు. బండి కింద ఉన్న మనిషికి పాదాలు మాత్రమే కనిపించాయి.

ఏడుపు ఆగాక నాగరత్నమ్మ కొంగు దోపుకొని, "పైన నేను పట్టుకుంటా, నువ్వు కట్టు మామా," అంది. ఆమె రేడియేటరును ఒత్తి పట్టుకుంది, అతను కమ్మీ బిగించాడు. బయటికి వచ్చాక జేబులోని బోల్టులు తీసి ఆమె దోసిట్లో పోశాడు. ఆమె వాటిని కొంగున ముడివేసుకుంది.

నీళ్ళు పోస్తే ఒక్క చుక్క కారలేదు. హ్యాండిల్ తిప్పితే ఇంజను దగ్గి, ఉలిక్కిపడి, అందుకుంది. కోసిన జాలీలోనుంచి లారీ రేడియేటరు ఎత్తుపళ్ళ మనిషి నవ్వినట్లు బయటికి తోసుకొచ్చింది. మడ్‌గార్డు ఎక్కడ బిగించాలో ఎవరికీ తెలియక గోడకు ఆనించి పెట్టారు. అయినా నారాయణస్వామి చాలాకాలానికి నిటారుగా నిలబడ్డాడు.

"పిల్ల ఈడనే ఉంటాదంట. నేను పోయొస్తా," అన్నాడు నరసింహులు.

"బస్సెందుకప్పా? అగళి దాకా నేనే దింపొస్తా. ఎక్కు!"

నరసింహులు బండిని ముందు నుంచి చూశాడు. పక్కకు వెళ్ళి కమ్మీకట్లను చూశాడు. గొడుగు చేతికి తీసుకొని, "వద్దులేప్పా, బస్సుండాది," అని గబగబా రోడ్డు వైపు నడిచాడు. ఆ పూట ఇంక బస్సు లేదని ఆయనకూ తెలుసు.