చారల బ్లేజరులో ఆగంతకుడు

“నేరస్థుల్ని గడగడలాడించే మెదళ్లు ఈ భూమ్మీద రెండే రెండు. ఒకటి నాది. రెండోది ఇంకా పుట్టలేదు,” అని ప్రకటించాడు భూతద్దం, తన గదిలో మంచం కింద తల దూర్చి రెండో చెప్పు కోసం వెతుక్కుంటూ.

రెండో చెప్పు అతని కాలికే ఉంది. ఆ మాట చెప్పాలా వద్దా అని మడత కాసేపు ఆలోచించి ఊరుకున్నాడు. చెబితే, “నాకు తెలుసు, నీ పరిశీలన ఎంతుందో చూద్దామని!” అంటాడు. ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు కాబట్టి, ఇలాంటివి మడత చాలానే చూశాడు. మొన్నటికి మొన్న ‘మాయమైన గొడుగు’ కేసులో భూతద్దం వారం రోజులు క్యాంపస్ అంతా జల్లెడ పట్టాడు. వారమంతా ఆ గొడుగు అతని చేతికే వేలాడుతూ ఉంది. వాన కూడా పడింది. వేసుకున్నాడు కూడా.

భూతద్దానికి ఆ పేరు జేబులో ఎప్పుడూ ఉండే అద్దం వల్ల వచ్చింది. మడతకి ప్యాంటు వల్ల వచ్చింది. అతని ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుందని క్లాసులో ఒక పుకారు. ఎందుకంటే మడత ‘సొగసరుల సంఘం’ కార్యదర్శి. ఆ సంఘంలో ఉన్నది గుప్పెడు మందే గానీ, వాళ్లు నడుస్తుంటే వరండాకే ఇస్త్రీ చేసినట్టుండేది. ముదురు నీలం మీద తెల్ల చారల బ్లేజరు, చీలమండలు బయటపడే కురచ ప్యాంటు, సాక్సులు లేని లోఫర్లు, ఎండ మండిపోతున్నా భుజాల మీద ఒక స్వెట్టరు, మెడ కింద దాని చేతుల ముడి. ఆ స్వెట్టరుని ఎవరైనా తొడుక్కోగా చూసినవాళ్లు లేరు.

ఆ సంఘానికి అధ్యక్షుడు టై. అతను నిద్రలో కూడా టై విప్పడని అంటారు. మడత గుండెల్లో రాయి వేసింది ఆ టైయే.

“నీ బ్లేజరు కళాశాఖ భవనం మెట్ల మీద కనిపించింది,” అన్నాడు టై, చావు కబురు చెప్పినట్టు. “లోపల ఎవరో ఉన్నారు. వెనక నుంచి చూశాను. కాళ్లు బార్లా చాపుకుని పల్లీలు తింటున్నాడు. నేను దగ్గరికెళ్లేలోగా లేచి లోపలికెళ్లిపోయాడు.”

“పల్లీలా?”

“పొట్టు ఊదుకుంటూ! తర్వాత చెయ్యి తుడుచుకున్నాడు. దేనికి తుడుచుకున్నాడో చెప్పమంటావా?”

“వద్దు.”

“బ్లేజరుకి.”

మిగతా సభ్యుల బ్లేజర్లన్నీ ఆ వేళకి వాళ్ల వాళ్ల ఒంటి మీదే ఉన్నాయి. మడత ఒక్కడే ఆ మధ్యాహ్నం ల్యాబులో తెల్లకోటు వేసుకుని ఉన్నాడు. బుధవారాలు ల్యాబు కాబట్టి అతని సంఘం బట్టలన్నీ ఇంట్లో బీరువాలోనే ఉంటాయి. సంఘం ఫోటో తీసే రోజులోగా ఆ మనిషెవరో తేలకపోతే మడత బ్లేజరు వాపసు చెయ్యాలని టై తీర్పు చెప్పాడు.

నవ్వుకునే విషయమే. కానీ మడతకి నవ్వు రాలేదు. ఆ బ్లేజరు ఒంటి మీదికి రాకముందు అతని పేరు లెక్చరర్లకి సరే, పక్కన కూర్చునేవాళ్లకి కూడా గుర్తుండేది కాదు. హాజరు పిలిచినప్పుడు “ఉన్నాను సార్” అంటే, “ఎవరదీ?” అని అందరూ వెనక్కి తిరిగేవాళ్లు. బ్లేజరు వచ్చాకే మనిషి కనపడ్డాడు. అది పోతే మళ్లీ మాయమే.

అందుకే, వేరే దిక్కు లేక, భూతద్దాన్ని ఇంటికి తీసుకొచ్చాడు.

వంటింట్లోంచి మడత తల్లి తొంగి చూసింది. “ఏం బాబూ, మళ్లీ గొడుగు పోయిందా?”

“గొడుగు కాదు అత్తయ్యగారూ. ఇది రక్తం గడ్డకట్టే కేసు!”

“అయితే వేడిగా టీ పెడతానుండు.”

భూతద్దం బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “తాళం పగల్లేదు. కిటికీ విరగలేదు. అంటే దొంగ బయటి నుంచి లోపలికి రాలేదు.”

“మరి?”

“రాకుండానే తీసుకెళ్లాడు. సామాన్యుడు కాదు.”

మళ్లీ బీరువాలోకి వచ్చి చేరిన బ్లేజరు మీద అద్దం పెట్టాడు. భుజం మీద నల్లటి వేలిముద్రలు. “తుపాకి మందు!” కాలరు మీద ఒక తెల్ల వెంట్రుక. “పెట్టుడు జుట్టు. మారువేషం!” జేబులో పల్లీ పొట్టు. దాన్ని నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. “వేయించినవి.” లోఫర్ల ముందు భాగంలో ఉండలు చుట్టి కుక్కిన పేపరు ముక్కలు. ఒకదాన్ని విప్పి చదివి, గోడకి చేరబడిపోయాడు. “అడ్డం... నిలువు... ఒరేయ్, ఇది రహస్య సందేశం!”

“పదకేళి రా అది.”

“నీలాంటివాళ్లు అలా అనుకోవాలనే వాళ్లు అలా రాస్తారు.”

ఇద్దరూ ముందు గదిలోకి వచ్చారు. మడత తండ్రి వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పేపరు నడిమధ్యలో పెద్ద చిరుగు, ఆ కంతలోంచి ఆయన కన్ను ఒకటి వీళ్లనే చూస్తోంది.

“మావయ్యగారూ, ఈ బ్లేజరు మీరెప్పుడైనా చూశారా?”

“చూడకేం? బ్యాండువాళ్లది కదూ?”

“నాన్నా!”

“ఆ ప్యాంటేమో ఏరు దాటడానికి ఎగ్గట్టినట్టుంటుంది. బూట్లలోకి సాక్సులుండవు. మా రోజుల్లో సాక్సులు లేకపోతే సిగ్గు, మీకు ఉంటే సిగ్గు.”

భూతద్దం చెయ్యెత్తి ఆపాడు. “బుధవారం మధ్యాహ్నం మీరేం చేస్తున్నారు?”

“కూర్చునున్నాను.”

“దేన్లో?”

“కుర్చీలో.”

“ఎంతసేపు?”

“సాయంత్రం దాకా. కదలకుండా.”

“సాక్షులున్నారా?”

“బోలెడుమంది.”

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని దగ్గినట్టు కూడా వినిపించింది.

భూతద్దం మడతని గుమ్మం దగ్గరికి లాక్కెళ్లాడు. “మీ నాన్న కడిగిన ముత్యం రా. ఎదుటివాడు అబద్ధమాడితే నా ఎడమ చెవి దురద పెడుతుంది. ఒక్కసారైనా గోక్కున్నానా? ఆయన్ని వదిలెయ్.”

“నేనెప్పుడు అనుమానించాను?” అన్నాడు మడత చిరాగ్గా. తండ్రిని అనుమానించడం సంగతి తర్వాత, ఆయన్ని పట్టించుకుని ఎన్నాళ్లయిందో కూడా అతనికి గుర్తు లేదు. వాలుకుర్చీ, పేపరు, వెటకారం. ఇంట్లో ఫ్యాను ఉన్నట్టే ఆయనా ఉన్నాడు.

మళ్లీ బుధవారం వచ్చింది. భూతద్దం వ్యూహం సిద్ధం చేశాడు. బ్లేజరు, ప్యాంటు, లోఫర్లు అన్నీ బీరువాలో ఎరగా ఉంచాలి. మడత ల్యాబు ఎగ్గొట్టాలి.

“మరి బీరువాకి కాపలా ఎవరు?”

“మీ అమ్మగారికి అప్పజెప్పాను. ఎంత బాధ్యత గల మనిషనుకున్నావ్! ‘మీరు నిశ్చింతగా వెళ్లండి బాబూ, నేను చూసుకుంటాగా’ అని నన్ను గేటు దాకా సాగనంపారు.”

“మరి మనం?”

“నేరస్థుడి వెనకాల. వాడెవడో నాకు తెలిసిపోయింది.” భూతద్దం గొంతు తగ్గించాడు. “అడ్డం, నిలువు. అడ్డంగా లావు, నిలువుగా పొడవు. ఈ యూనివర్సిటీలో రెండూ ఉన్న మనిషి ఒక్కడే.”

మడత నెత్తి కొట్టుకున్నాడు. “ఫిజిక్స్ సారా? ఆయన చెయ్యి కూడా దూరదు రా నా బ్లేజరులో!”

“దూరకుండా వేసుకోవడమే ఆయన గొప్పతనం.”

ఫిజిక్స్ లెక్చరరు గదిలోంచి బయటికొచ్చి, దవడ ఆడిస్తూ, తాపీగా మైదానం దాటాడు. వెనకాలే వీళ్లు. భూతద్దం ప్రతి చెట్టు వెనకా దాక్కున్నాడు. చెట్లు లేని చోట మడత వెనక దాక్కున్నాడు. లెక్చరరు సూటిగా కళాశాఖ భవనంలోకే నడిచాడు. భూతద్దం మడత మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. మడతకి కూడా ఒక్క క్షణం ఏమోలే అనిపించింది.

వరండా చివర చల్లటి నీళ్ల కూలరు ఉంది. లెక్చరరు రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, గిర్రున తిరిగాడు.

“ఏమిటయ్యా, ఇందాకణ్నుంచి నా వెంట పడ్డారు? మార్కులా?”

“మార్కులు కాదు సార్, మచ్చలు!” అని భూతద్దం గర్జించి, అద్దం పైకెత్తి, ఠీవిగా ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనకాల తలుపుంది. గడియ లేదు.

ముందు భూతద్దం పడ్డాడు. అతని మీద బొమ్మలు గీసే స్టాండు ఒకటి పడింది. ఆ స్టాండు పక్క స్టాండుకి తగిలింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

“తలుపు వెయ్యండి! గాలికి ముడతలన్నీ చెదిరిపోతున్నాయి!”

భూతద్దాన్ని లేపుదామని లోపలికొచ్చిన మడత అక్కడే నిలబడిపోయాడు.

అది డ్రాయింగు క్లాసు. గది నిండా పిల్లలు, చేతుల్లో బొగ్గుముక్కలు. మధ్యలో చిన్న వేదిక, వేదిక మీద కుర్చీ. ఆ కుర్చీలో, చారల బ్లేజరు వేసుకుని, చీలమండలు బయటపెట్టుకుని, భుజాల మీద స్వెట్టరు ముడేసుకుని, తన తండ్రి.

“నాన్నా?”

తండ్రి కళ్లు మాత్రం ఇటు తిరిగాయి. “ల్యాబు లేదా?” అన్నాడు పెదవులు కదపకుండా.

“కదలొద్దు!” అంది డ్రాయింగు మేడం.

మడతకి ఒళ్లు మండిపోయింది. బ్యాండువాళ్ల బట్టలని వెక్కిరించిన నోటితోనే! “అమ్మకి తెలుసా ఇది?”

“బూట్లు వదులని కాగితాలు కుక్కిందెవరనుకున్నావ్?”

“నీ చొక్కాలు లేవూ? నా బ్లేజరే దొరికిందా?”

జవాబు మేడం చెప్పింది. “ఆయన చొక్కాలు గంజి పెట్టి అట్టముక్కల్లా ఉన్నాయయ్యా. పిల్లలు నేర్చుకోవాల్సింది గుడ్డ ఎలా వంగుతుందో, గీత దాంతోపాటు ఎలా తిరుగుతుందో. చారలుండి ముడతలు పడేది ఏదైనా తెమ్మన్నాను.”

“నీకు మడత కావాలి, వీళ్లకి ముడత కావాలి,” అన్నాడు తండ్రి, అలాగే బిగబట్టుకుని. “మనింట్లో రెండూ ఉన్నాయిగా.”

“అసలు ఇక్కడికెందుకొచ్చావు?”

“నీ కాలేజీ ఎలా ఉంటుందో చూద్దామని ఒకరోజు నడుచుకుంటూ వచ్చాను. కాళ్లు లాగితే మెట్ల మీద కూర్చున్నాను. ఒక అమ్మాయొచ్చి, కాసేపు అలాగే ఉంటారా అంకుల్, అంది.” ఆయన గొంతు కాస్త తగ్గింది. “ఆఫీసులో ఒకే కుర్చీలో బతుకంతా కూర్చున్నాను రా. ఒక్కడు తలెత్తి చూళ్లేదు. ఇక్కడ ఊరికే కూర్చుంటే ఇంతమంది చూస్తున్నారు.”

మడత కడిగిపారేద్దామనే అనుకున్నాడు. ఇంట్లో అయితే ఆయన సగం వినకుండానే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఇప్పుడు కదల్లేడు, ఎంతైనా అనొచ్చు. కానీ అతని చూపు బొమ్మల మీద పడింది. ఒకదాంట్లో తండ్రి చెవులు చేటలంత. ఒకదాంట్లో ముఖమే లేదు, మోకాళ్ల మీద పెట్టిన చేతులే, బొటనవేలి మీద నొక్కులు పడిన గోరుతో సహా. ఇంకొక అమ్మాయి కనుబొమ మీద పాత దెబ్బ మచ్చ గీసింది. ఆ మచ్చ ఎప్పటిదో మడతకి తెలియదు. కిటికీ పక్క బొమ్మలో చారలు ఎడమవైపు నీళ్లలా జారిపోతున్నాయి. మడత తల తిప్పి కుర్చీ వైపు చూశాడు. నిజమే, నాన్న ఎడమ భుజం కాస్త వాలి ఉంది. రోడ్డుకి అవతల నడిచేవాడి కాలరు వెంట్రుకవాసి వంకరగా ఉంటే పట్టేసే మడత, దాన్ని ఇప్పుడే చూస్తున్నాడు.

“నేను మొదటే అనుకున్నాను!” స్టాండు కింది నుంచి భూతద్దం గొంతు వినిపించింది. “నేరస్థుడు కుర్చీలో ఉంటాడని!”

ఎవరూ పట్టించుకోలేదు. మడత వేదిక దగ్గరికి వెళ్లాడు. అక్కడికి వెళ్లాక అలవాటు ఊరుకోనివ్వలేదు.

“నాన్నా, బ్లేజరుకి కింది బొత్తాం పెట్టకూడదు.”

“ఎందుకని?”

“పెట్టకూడదంతే. పైది పెట్టాలి, కిందది వదిలెయ్యాలి. అదే పద్ధతి.”

“మరి కుట్టడమెందుకు?”

సంఘంలో చేరినప్పటి నుంచీ మడతకి ఎవరూ వెయ్యని ప్రశ్న అది.

“సరే, నేను కదలకూడదు. నువ్వే తియ్యి,” అన్నాడు తండ్రి.

మడత వంగి కింది బొత్తాం తీశాడు. గదంతా గొల్లుమంది.

“అయ్యో! నాది అయిపోయింది!”

“ఆ బొత్తాం దగ్గర ముడతకే చచ్చీ చెడీ ఇంతసేపు పట్టింది!”

సరిగ్గా అప్పుడే, ఈ గోలకి, ఫిజిక్స్ లెక్చరరు భుజం పక్క నుంచి టై తల గుమ్మంలోకి వచ్చింది. వేదిక మీద ఉన్న బ్లేజరుని చూశాడు. అందులో ఉన్న మనిషిని చూశాడు.

“ఎవరీయన?”

“మా నాన్న,” అన్నాడు మడత.

“ముందు ఆ బొత్తాం సంగతి తేల్చండి,” అంది మేడం. “వెలుతురు పోతోంది.”

మడత ఒకసారి టై వైపు చూశాడు. ఒకసారి గదిలో చేతులెత్తి ఆగిపోయిన బొగ్గుముక్కల వైపు చూశాడు. తర్వాత మోకాలి మీద కూర్చుని, కింది బొత్తాం మళ్లీ పెట్టాడు. బ్లేజరు అంచు పట్టుకుని లాగి, ముడత అంతకుముందు ఎక్కడుందో అక్కడికి తెచ్చాడు.

“ఇంకాస్త ఎడమకి,” అంది కిటికీ పక్క అమ్మాయి.

ఇంకాస్త ఎడమకి లాగాడు. దాంతో అతని ప్యాంటు మోకాలి దగ్గర మడత చెదిరి, బొగ్గుపొడి అంటుకుంది. దులుపుకోలేదు.

టై గుమ్మం పట్టుకున్నాడు. “కార్యదర్శివి... కింది బొత్తాం... నీ చేత్తో నువ్వే...?”

“నేనే.”

“ఒప్పుకున్నాడు!” అని భూతద్దం స్టాండు తోసుకుని పైకి లేచాడు, మొహమంతా నల్లగా. “విన్నారు కదా! నిందితుడు నేరం ఒప్పుకున్నాడు! కేసు ఛేదించాను!”

ఇంతసేపూ రాయిలా కూర్చున్న తండ్రి ఇక ఆగలేకపోయాడు. మూతి ఒక పక్కకి వంగి, రెండు బుగ్గలూ కదిలి, పళ్లన్నీ బయటపడేలా నవ్వేశాడు.

గది నిండా రబ్బర్ల చప్పుడు మొదలైంది.